ఏడో సొరంగం మరమ్మతులో ఉంది

ధారకు ఇరవై రెండు రోజుల ముందు

ఈ పుస్తకంలో నేను రాయాల్సినవి మూడే సంగతులు: ఏ సొరంగం, ఏ జాయింటు, ఏం బాగుచేశాను. పద్దెనిమిదేళ్లుగా అవే రాస్తున్నాను. పై ఆఫీసులో ఎవరూ చదవరని మొదట్లోనే తెలిసిపోయింది. ఒకసారి కావాలని "పైపులో ఏనుగు ఇరుక్కుంది, తీశాను" అని రాస్తే, కింద ముద్ర కొట్టి "సంతృప్తికరం" అని తిప్పి పంపారు. అందుకని ఇక నుంచి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

నా పేరు సుంకమ్మ. నీటి లైను ఫిట్టరును. ఇవాళ్టి పని: సభామండపంలో మూడు గాజు తొట్లు బిగించడం. మూడు తొట్లు, ముగ్గురు అభ్యర్థులు. ధార రోజున మా బిలంలో ప్రతి మనిషీ తన ఆనాటి నాలుగు చెంబుల నీళ్లలోంచి ఒక చెంబు తెచ్చి, తనకు కావలసినవాడి తొట్టిలో పోయాలి. ఎవరి తొట్టిలో మట్టం ఎక్కువుంటే వాళ్లే అధ్యక్షులు. గాజు కాబట్టి అందరికీ కనబడుతుంది. ఇంత పారదర్శకమైన ఎన్నిక భూమి మీదా లేదు, భూమి కిందా లేదని మా మఠాధిపతి ఊటస్వామి ప్రతిసారీ మైకులో చెబుతారు. భూమి మీద ఎలాగూ మనుషులే లేరు, ఎండకు మాడిపోయి మూడు తరాలైంది.

తొట్ల కింద మూడు పైపులున్నాయి. రెండు గజాలు పోయాక మూడూ ఒకే పైపులో కలుస్తాయి. ఆ పైపు మఠం ట్యాంకులోకి పోతుంది. ఎవరికి పోసినా నీళ్లు చేరేది అక్కడికే. వాషర్లు మార్చేది నేను కాబట్టి నాకు తెలుసు. నాకు తెలిసి కూడా ప్రతిసారీ పోశాను, అది వేరే సంగతి.

ఈసారి ముప్పై ఎనిమిది మంది పేర్లిచ్చారు. వడపోత సంఘంలోని ఆరుగురు మఠం పెద్దలు ముప్పై అయిదు మందిని తీసేశారు. ఒకాయన నీళ్లు తాగేటప్పుడు కళ్లు మూసుకోడట. ఒకావిడ మఠం ముందు ఈల వేసిందట. మిగిలినవాళ్లలో ఉరుకుందప్ప మఠం కావలిదళానికి పెద్ద, వాడి మొహం చూస్తేనే నాకు ఒళ్లు మంట. రెండోవాడు ఎవరో వాడి పెళ్లానికైనా తెలుసో లేదో. మూడో ఆయన బడిపంతులు వన్నూరప్ప సారు. ఏడో సొరంగం గురించి బహిరంగంగా నోరెత్తిన ఒకే ఒక్క పెద్దమనిషి. ఆయన్నెట్లా వదిలారో ఎవరికీ అంతుబట్టలేదు.

ఏడో సొరంగంలో మా చెల్లెలు మద్దమ్మ ఉంది.

ధారకు పంతొమ్మిది రోజుల ముందు

పని: ఏడో సొరంగం మొదట్లో ఉన్న బోర్డు వంకరపోతే సరిచేయడం. బోర్డు మీద "ఈ సొరంగం మరమ్మతులో ఉంది" అని ఉంటుంది. రెండేళ్ల నాలుగు నెలలుగా ఉంది. లైనులో నయాపైసా లోపం లేదు. ఆ సొరంగం ఆడవాళ్లు మఠం గుమ్మం ముందు నిలబడి, "మీ ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో మాకు చూపించండి" అని అడిగారు. మర్నాడే లైను ఆగిపోయింది. అప్పట్నుంచి వాళ్లకు తోపుడుబండి మీద డ్రమ్ముల్లో నీళ్లొస్తాయి, మనిషికి రెండు చెంబులు. బాగుచేయడానికి ఏమీ లేనిచోట నన్ను బోర్డు బాగుచేయమంటారు, సిగ్గుండాలి.

నా చెంబుల్లోంచి ఒకటి సీసాలో పోసి, పనిముట్ల సంచిలో పెట్టుకుని మద్దమ్మకు తీసుకెళ్లాను. దానికి మూత్రపిండాల్లో రాళ్లు. వైద్యుడు చెప్పిన మందు ఒక్కటే, బాగా నీళ్లు తాగమన్నాడు, రోజుకు అయిదారు చెంబులు. వాడికేం, చెప్పిపోయాడు.

గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని కూర్చుంది. సీసా చేతికిస్తే సగం తాగి మూత పెట్టేసింది.

"మొత్తం తాగు మే," అన్నాను.

"సాయంత్రం నొప్పి లేస్తాది గదా, అప్పటికుండనీ."

"ఈసారి వన్నూరప్ప సారు నిలబడినాడు. లైను తెప్పిస్తానంటాండాడు."

"తెప్పీనీ. మా సొరంగమంతా ఒట్టు పెట్టుకున్యాం అక్కా. ఒక్క చుక్క ఆ తొట్లల్లో పొయ్యం. మా నీల్లు మేం తాగుతాం." ఆయాసపడి, మళ్లీ అందుకుంది. "నువ్వు ఫిట్టరువి. ఆ పైపులు యాడికి పోతాయో నీకు తెల్సు. తెల్సి తెల్సీ పొయ్యమంటాండావే, నీకేమన్నా పిచ్చా?"

స్పానరు సంచిలో వేసుకుని వచ్చేశాను.

ధారకు పదహారు రోజుల ముందు

రెండో సొరంగంలో మాహ్‌రుఖ్ బీ చాయ్ బండి దగ్గర కుళాయి కారుతుంటే బిగించాను. ఆమెకు డెబ్బై ఏళ్లు. చాయ్ అంటే ఎండబెట్టిన నాచు మరగబెట్టిన నీళ్లే. అయినా కప్పు కిందికి సాసరు పెట్టి గానీ ఇవ్వదు. వాళ్ల పూర్వీకులు ఇరాన్ నుంచి హైదరాబాదు వచ్చి చాయ్ హోటలు పెట్టినవాళ్లు, ఆ సాసరు సంగతి వంశంలో అట్లా నిలిచిపోయింది.

"బీ, నువ్వు ఎవరికి పోస్తావు?"

"పంతులుకే. లేకుంటే ఆ ఉరుకుందప్ప కూర్చుంటడు. వాడొస్తే రెండు చెంబులు కూడా ఆపుతడు. మంచోడు వస్తడని కాదు బేటీ, చెడ్డోడు రావొద్దని పోస్త. ముప్పై ఏండ్లుగా అదే పని."

"ముప్పై ఏళ్లలో ఏమన్నా మారిందా?"

ఆమె సాసరు తుడుస్తూ నవ్వింది. "మా పెద్దోళ్ల దేశంల కూడా ఇట్లనే ఉండేనట. పైన మతపెద్ద, ఆఖరి మాట ఆయనది. కింద జనం ఎన్నుకున్న అధ్యక్షుడు. ఎన్నికల్ల నిలబడేటోళ్లను ముందుగాల ఒక సభ జల్లెడ పట్టేదట."

"మరి అక్కడ మారిందా?"

"నాకేం ఎరుక? మా అమ్మమ్మ, మా నానీ, చెప్పింది ఒక్కటే యాదికుంది. ఎన్నికలొస్తే ఇంటింట్ల కొట్లాటనేనట, ఓటెయ్యాల్నా వద్దా అని. అక్కచెల్లెండ్లు నెలల కొద్దీ మాట్లాడుకోకపోయేదట. పైనోళ్లు మంచిగనే ఉండేది, కిందోళ్లే ఒకరి జుట్టొకరు పట్టుకునేది."

చాయ్ సగంలోనే వదిలేసి లేచాను. చాయ్ తప్పు కాదు.

ధారకు పదిహేను రోజుల ముందు

వన్నూరప్ప సారు నన్ను వెతుక్కుంటూ పంపుగదికే వచ్చాడు. సన్నటి మనిషి, అతికించిన కళ్లద్దాలు. ఒకప్పుడు మద్దమ్మకు లెక్కలు చెప్పాడు. నూనె మరకలున్న బల్ల మీద చొక్కా పాడవుతుందని కూడా చూసుకోకుండా కూర్చున్నాడు. ఆ ఒక్కదానికి నేను సగం పడిపోయాను.

"సుంకమ్మా, నీ మాట ఏడో సొరంగంలో వింటారు. వాళ్లు రాకపోతే నేను ఓడిపోతాను. ఉరుకుందప్ప గెలుస్తాడు."

"వాళ్లు రారు సార్. ఒట్టు పెట్టుకున్యారు."

"ఒట్టు ఎవరి మీద? మఠం మీద కోపంతో నన్ను ఓడించుకుంటే మఠానికేం నష్టం? అధ్యక్షుడి గదిలో సొరంగానికొకటి చొప్పున నీళ్లు వదిలే ఏడు చక్రాలున్నాయి, నువ్వే కదా వాటికి నూనె పెడతావు. ఏడో చక్రం నా చేత్తో తిప్పుతాను. మొదటి రోజే."

"ఒట్టేనా సార్?"

"నా పిల్లల మీద ఒట్టు."

ఆ మాట అన్నాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. నేను నమ్మాను. ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారుగానీ, పద్దెనిమిదేళ్లు పైపులతో బతికిన దాన్ని, ఆ మనిషి మొహం చూసి నమ్మాను.

ధారకు ఎనిమిది రోజుల ముందు

వారం రోజులుగా పని అయిపోయాక రోజూ ఏడో సొరంగమే. గడప గడపకూ తిరిగాను. కొందరు మొహం మీదే తలుపేశారు. పెద్దీరమ్మ అనే ముసలామె, మఠం గుమ్మం ముందు మొదట నోరు తెరిచింది ఈమే, నన్ను కూర్చోబెట్టి అంతా విన్నది. విని, "నీ చెల్లెలి మీద ఒట్టేసి చెప్పు, నీళ్లొస్తాయని," అంది.

వేశాను. నా నోట్లో పురుగులు పడ!

"సరే," అంది పెద్దీరమ్మ. "మా రెండు చెంబుల్లో ఒకటి పోస్తాం. ఆ రోజు ఒక చెంబుతో గడుపుకుంటాం. నీ మాట మీద వస్తాండాం, ఆ పంతులు మాట మీద కాదు."

మద్దమ్మ మాత్రం గోడ వైపు తిరిగి పడుకుంది. ధార రోజు తన చెంబు తీసుకెళ్లి పోసుకోమంది. నమ్ముతానని మాత్రం అనలేదు.

ధార రోజు

పని: తొట్ల దగ్గర లీకులు చూసుకోవడం.

ఏడో సొరంగం ఆడవాళ్లు వరసలో వచ్చారు. నాలుగు చెంబులున్నవాళ్లు ఒకటి పోయడం వేరు, రెండే ఉన్నవాళ్లు పోయడం వేరు. ఒకామె పోశాక చెంబు అడుగున మిగిలిన తడిని వేలితో తీసి బిడ్డ పెదాలకు రాసింది. అక్కడున్న కావలివాడు, "మొత్తం పోయాలి, మొత్తం," అని అరిచాడు. వాడి తల మీద స్పానరు వేయాలనిపించి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

వన్నూరప్ప సారు మూడు వందల ఎనభై చెంబుల తేడాతో గెలిచాడు. ఏడో సొరంగం పోసింది ఆరు వందల పన్నెండు. గెలిపించింది వాళ్లేనని పసిపిల్లకైనా తెలుస్తుంది.

ఊటస్వామి లేచి మైకు పట్టుకున్నారు. ఎవరు గెలిచారో ఆయన చెప్పలేదు. "పోయినసారి కంటే రెండు వేల చెంబులు ఎక్కువ వచ్చాయి. మఠం మీద మీకున్న నమ్మకం ఎంతో ఇవాళ లోకం చూసింది," అన్నారు. తర్వాత అడుగు వాల్వు తెరిచారు. మూడు తొట్లలోని నీళ్లూ కలిసి మఠంలోకి పోయాయి. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

గెలిచిన మొదటి రోజు

ఆయన మాట తప్పలేదు. అందరినీ పిలిచి, అందరి ముందూ ఏడో చక్రం పట్టుకుని తిప్పాడు. నూనె పెట్టింది నేనే, మెత్తగా తిరిగింది. ఏడో సొరంగంలో వంద చెంబులు కుళాయిల కింద పెట్టుకుని కూర్చున్నారు. మద్దమ్మ కూడా మనసు మార్చుకుని బిందె పెట్టింది.

చుక్క రాలేదు.

"లైనులో గాలి ఉండుంటుంది, రెండేళ్లు ఎండింది గదా," అని సర్దిచెప్పాను. "ఓపిక పట్టండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

గెలిచిన ఆరో రోజు

లోపం వెతకమని అధ్యక్షుడి కార్యాలయం నుంచి నాకు ఉత్తర్వు. సంతోషంగా వెళ్లాను. నలభై మూడు జాయింట్లు, ఒక్కొక్కటీ చూశాను. లైను లోపల నీళ్లున్నాయో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర పాత పద్ధతి ఉంది: స్పానరు ఒక కొన పైపుకి ఆనించి, రెండో కొన చెవికి ఆనించుకోవాలి. నీళ్లు పారుతుంటే గుసగుసలాడినట్టు వినిపిస్తుంది. నలభై రెండు జాయింట్ల దాకా ఏమీ లేదు. అధ్యక్షుడి చక్రానికి వచ్చే పైపు కూడా ఖాళీ.

నలభై మూడో జాయింటు మఠం గోడ దగ్గర. గోడకు స్పానరు ఆనించాను. అవతల నీళ్లు ఒత్తిడితో నిలబడి ఉన్నాయి, నా చెవిలో హోరుమంది. గోడ లోపల ఇంకో వాల్వు ఉంది, మూసేసి. దాన్ని తెరవకుండా ఇవతల అధ్యక్షుడు ఏ చక్రం తిప్పినా పిల్లలు బొమ్మ బండి స్టీరింగు తిప్పినట్టే.

పరుగున పోయి చెప్పాను. "లోపం దొరికింది సార్! మఠం గోడలో వాల్వు. మీరు ఒక మాట చెబితే అయిపోతుంది."

ఆయన కాగితాలు సర్దుకుంటూ, "ఊఁ. చూస్తాను సుంకమ్మా," అన్నాడు. ఆశ్చర్యపోలేదు. నేను ఇంత వెలగబెట్టి తెచ్చిన వార్తకు ఆయన ఆశ్చర్యపోలేదు.

గెలిచిన ముప్పై ఒకటో రోజు

మద్దమ్మ కాళ్లు వాచాయి. మూత్రంలో నెత్తురు. నా నాలుగు చెంబుల్లో రెండు దానికే ఇస్తున్నాను, పనిలో నాకు తల తిరుగుతోంది. పెద్దీరమ్మ నన్ను తిట్టదు. ఏడో సొరంగంలో ఎవరూ తిట్టరు. నేను పోతే మాటలు ఆపేసి పనుల్లో పడతారు. ఒకరైనా నోటికొచ్చినట్టు తిడితే బాగుండు.

మూడోసారి అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. ఈసారి తలుపేసి, గడియ పెట్టాను.

"సార్, మా చెల్లెలు చస్తాంది. మీ శిష్యురాలు. గోడలో వాల్వు ఎప్పుడు తెరిపిస్తారు?"

కళ్లద్దాలు తీసి కాగితాల మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు. "నా పేరు వడపోతలో నిలవాలంటే ఒక కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. ఏడో సొరంగం నీళ్ల సంగతి మఠం పరిధిలోది, నేను జోక్యం చేసుకోను, అని."

"ఎప్పుడు పెట్టినారు?"

"పేర్లు ప్రకటించే ముందు రోజు."

"అంటే నా దగ్గరికొచ్చి పిల్లల మీద ఒట్టేసినప్పటికే..."

"చక్రం తిప్పుతానన్నాను. తిప్పాను."

ఆ క్షణంలో ఆయన్ని కొట్టకపోవడం నా జీవితంలో నేను చేసిన పెద్ద పుణ్యం. 

"అట్లా చూడకు," అన్నాడు. "సంతకం పెట్టకపోతే ఉరుకుందప్ప ఉండేవాడు ఈ కుర్చీలో. నేను లోపలుంటే స్వామితో మాట్లాడగలను. మెల్లగా ఒప్పించగలను. నిన్ననే ఆయన నా వైపు చూసి తల ఊపారు."

"తల ఊపినాడా?"

"అవును. ఇంతకుముందు అధ్యక్షుడికి అది కూడా లేదు."

ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. దానికే నాకు అసహ్యం వేసింది. దొంగైతే దొంగ అనుకుని ఊరుకునేదాన్ని. ఒక తల ఊపు కోసం ఆరు వందల పన్నెండు చెంబులు పోయించి, దాన్ని నిజంగానే విజయం అనుకుంటున్నాడు. ఇక నా సంగతి. ఆయన సంతకం చేసి ఆయన ఒక్కడే మోసపోయాడు, నేను గడప గడపకూ తిరిగి సొరంగం మొత్తాన్ని ముంచాను.

గెలిచిన తొంభై నాలుగో రోజు

వందో రోజు నుంచి వారం పాటు కృతజ్ఞతా ధార అట. కొత్త అధ్యక్షుణ్ణి ఇచ్చినందుకు జనం మళ్లీ తలా ఒక చెంబు పోసి మఠానికి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఆయన మళ్లీ పంపుగదికి వచ్చాడు. ఈసారి బల్ల మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు.

"ఏడో సొరంగం వాళ్లు కూడా వచ్చి పోస్తే స్వామి మనసు కరుగుతుంది. నా చేతికి బలం వస్తుంది. నువ్వొక్కసారి చెప్పి చూడు."

"నా ముందర్నుంచి లేచి పోండి సార్," అన్నాను. అధ్యక్షుడితో అట్లా మాట్లాడితే శిక్ష ఉంది. ఆయన లేచి పోయాడు పాపం, చెప్పిన మాట వింటాడు.

మద్దమ్మకు చెబితే మండిపడుతుందనుకున్నాను. కళ్లు మూసుకునే విన్నది.

"నన్ను తీస్కపో అక్కా. నేను పోస్తా."

"నీకేమన్నా జ్వరమా?"

"తీస్కపో అంటాండానా!"

వందో రోజు

దాన్ని వీపు మీద వేసుకుని తీసుకెళ్లాను. ఎముకల మూట, బరువే లేదు. పెద్దీరమ్మ వెనక నడిచింది. ఏడో సొరంగం నుంచి మేం ముగ్గురమే. వేదిక మీద ఊటస్వామి, పక్కన వన్నూరప్ప సారు. మమ్మల్ని చూడగానే సారు మొహం వెలిగింది. స్వామి చెవిలో ఏదో చెప్పాడు, "చూశారా, వచ్చారు" అనే అయ్యుంటుంది.

మద్దమ్మ నా వీపు దిగి, తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. చెంబు ఎత్తింది. ఎత్తి, తొట్టిలో పోయకుండా నోటికి పెట్టుకుంది.

తాగింది. గుటక గుటకకూ ఆగి, ఆయాసం తీర్చుకుని, మళ్లీ తాగింది. ధార తొట్టి ముందు నీళ్లు తాగడం మా బిలంలో ఎవరూ చేయని పని. అందరూ కొయ్యబారిపోయారు. మధ్యలో చెంబు దించి మూతి తుడుచుకుని, "సార్, మీరే గదా లెక్కలు చెప్పింది. ఆరు వందల పన్నెండు పోసినాం, ఎన్నొచ్చినాయి?" అని అడిగింది. మళ్లీ తాగింది.

ఊటస్వామి ఊరికే అధ్యక్షుడి వైపు చూశారు.

వన్నూరప్ప సారు మైకు దగ్గరికి వచ్చాడు. "పట్టుకోండి," అన్నాడు.

మూడు నెలలుగా ఆయన ఏం చెప్పినా జరగలేదు. ఇది మాత్రం ఆ మాట గాల్లో ఉండగానే జరిగింది. నలుగురు కావలివాళ్లు మద్దమ్మ మీదికి వచ్చారు. నేను స్పానరు తీసి ఒకడి మోకాలి మీద వేశాను. చాలా రోజులుగా వేయాలనుకుంటున్నాను, సరిగ్గా తగిలింది. పెద్దీరమ్మ ఈ గోలలో తన చెంబు తాను ప్రశాంతంగా తాగేసింది. ముగ్గుర్నీ కట్టి తీసుకొచ్చారు.

నూట ఒకటో రోజు, మఠం బందిఖానా

పుస్తకం నా సంచిలోనే ఉండిపోయింది. లాక్కోవాలని ఎవరికీ తోచలేదు.

పని: ఏమీ లేదు.

పొద్దున దీపాలు వెలగగానే ఒక కావలివాడు పెద్ద డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చాడు. ముగ్గురికీ ఆరేసి చెంబులు కొలిచాడు. ఒకటి రెండు మూడు అని గట్టిగా లెక్కపెడుతూ, ఒక్క చుక్క ఒలికితే మళ్లీ నింపుతూ.

"ఆరెందుకు?" అన్నాను. కొట్టే ముందు మేపుతున్నారేమో అనుకున్నా.

"మఠం నియమం," అన్నాడు చిరాగ్గా. "మా మొదటి స్వామి భూమ్మీద ఉన్నప్పుడు ఎవరి జైల్లోనో దాహంతో చచ్చేటంత పనైంది. మా బందీకి ఆరు చెంబులకు తగ్గించం. తగ్గిస్తే పాపం కొలిచినోడిది. నాకెందుకు ఆ పాపం, తాగండి."

"ఏడో సొరంగానికి రెండే ఇస్తారు గదప్పా?"

"వాళ్లు బందీలు కాదు గదా. వాళ్ల లైను మరమ్మతులో ఉండాది."

వాడు వేళాకోళమాడటం లేదు. వాడికి అది నిజంగానే వేరే సంగతి. మద్దమ్మ నావైపు చూసింది. ముగ్గురం ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాం, వాడు భయపడి తలుపేసుకుని పోయాడు.

నూట మూడో రోజు

పెద్దీరమ్మ నోరు ఊరుకుంటుందా? కిటికీ చువ్వల్లోంచి ఆరు చెంబుల సంగతి నీళ్ల బండివాడికి చెప్పింది, వాడు సొరంగానికి చెప్పాడు. నిన్న నలుగురు ఆడవాళ్లు తొట్టి ముందుకొచ్చి చెంబులు ఎత్తి తాగారు. ఇవాళ ముప్పై ఒక్కమంది, అందులో బిడ్డతల్లులు. అందర్నీ పట్టుకుని ఇక్కడికే తెచ్చారు. ఒకామె లోపలికి రాగానే, "యాడ కూర్చోవాల?" అని పెళ్లికొచ్చినట్టు అడిగింది.

సాయంత్రం ఇంకొకరొచ్చారు. మాహ్‌రుఖ్ బీ! రెండో సొరంగం ఆమెకు ఏం కర్మ?

"నీకు నాలుగు చెంబులున్నాయి గదా బీ," అన్నాను.

"ఉన్నయి. ముప్పై ఏండ్ల సంది పోస్తున్న, ఒక్కసారన్న తాగి చూద్దామనిపించింది." కాళ్లు చాపుకుని కూర్చుంది. "మంచిగనే ఉంది."

నూట ఏడో రోజు

రెండు వందల అరవై మందిమి. గదులు చాలక మఠం ధ్యానమందిరంలో పెట్టారు. కావలివాళ్లు పొద్దంతా నీళ్లు కొలవడంతోనే సరిపోతోంది, వాళ్ల గొంతులు బొంగురుపోయాయి. మఠం పెద్దలు ఆరుగురూ వచ్చి, గుమ్మంలో నిలబడి తలలు పట్టుకున్నారు. తగ్గిద్దామంటే పాపం. ఉంచుదామంటే ట్యాంకు. ఎన్ని నీళ్లున్నాయో ఇన్నాళ్లూ చూపించని ట్యాంకు, ఎంత తరిగిందో వాళ్ల మొహాల్లోనే కనబడింది.

మద్దమ్మ పొద్దున పెద్ద రాయి ఒకటి పడిపోయిందని చెప్పింది. నొప్పితో అరిచింది, తర్వాత ఏడ్చింది, తర్వాత నిద్రపోయింది. మూత్రం తేటగా వస్తోంది. రెండేళ్ల తర్వాత మా చెల్లెలు కాళ్లు చాపుకుని నిద్రపోవడం చూశాను. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం పెట్టుకోవాలో కూడా తెలియలేదు, అందరి మీదా పెట్టుకున్నాను.

నూట తొమ్మిదో రోజు

వన్నూరప్ప సారు వచ్చాడు. చేతిలో కాగితం, వెనక మఠం పెద్దలిద్దరు. నిద్ర లేనట్టుంది, కళ్లద్దాల అతుకు మళ్లీ ఊడింది. కానీ మొహంలో సంతోషం దాచుకోలేకపోతున్నాడు.

"అమ్మలారా, అక్కలారా," అన్నాడు. "స్వామితో మూడు రోజులు మాట్లాడాను. చివరికి ఒప్పుకున్నారు. మీ అందరికీ క్షమాభిక్ష! ఒక్కరి మీద కూడా శిక్ష ఉండదు. ఇంతకుముందు ఏ అధ్యక్షుడూ సాధించలేనిది ఇది. నేను చెప్పాను కదా సుంకమ్మా, లోపలుంటే మెల్లగా సాధించవచ్చని. ఇక మీ ఇళ్లకు మీరు వెళ్లిపోవచ్చు."

"ఏడో లైను?" అన్నాను.

"అది... అది మరమ్మతులో ఉంది కదా. దాని గురించి కూడా మాట్లాడతాను. ఒక్కొక్కటీ."

కావలివాడు తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. బయట సున్నపురాయి దుమ్ము దీపాల వెలుగులో తేలుతోంది. సారు పక్కకు జరిగి దారి ఇచ్చాడు. పెద్దలిద్దరూ మా వైపు బతిమాలినట్టు చూశారు.

ఎవరూ లేవలేదు. రెండు వందల అరవై మందీ కూర్చునే ఉన్నారు. మాహ్‌రుఖ్ బీ కాళ్లు ఇంకో వైపుకి మార్చి చాపుకుంది.

సారు కాగితం మళ్లీ చదవబోయాడు. మద్దమ్మ మూడో చెంబు తాగుతోంది. ఖాళీ చేసి, కింద పెట్టి, బడిలో లెక్క చెప్పేటప్పుడు మాట్లాడినట్టే మర్యాదగా చెప్పింది.

"సార్, తలుపేసి పోండి. నీల్లల్లో దుమ్ము పడతాంది."